భక్తికిఁ బరీక్షయే రక్ష

క్రైస్తవ విశ్వాసమందు నిజబోధను, కపటబోధను వేఱుపఱచుటను గూర్చిన పాఠము

బంగారము కొనువాఁడు గీటురాయి లేక బేరము సేయఁడు. బియ్యము కొనువాఁడు పిడికెఁడు చేతఁబట్టి, రెండు గింజలు నోట వేసికొని చూచును. ఎద్దును గొనువాఁడు పండ్లు లెక్కించి, నాలు గడుగులు నడిపించి, అటుపిమ్మట ధర యడుగును. ఇంతటి మెలఁకువ గల మనుష్యుఁడు తన యాత్మను, తన బిడ్డల ప్రాణమును, తన కష్టార్జితమును ఒకని చేతఁ బెట్టునప్పుడు మాత్రము గీటురాతిని ఇంట మఱచి వచ్చుచున్నాఁడు. పైపెచ్చు, పరీక్షింపవలెనని యెవరైనఁ జెప్పినచో, అది యవిశ్వాసమని కోపించుచున్నాఁడు. విశ్వాసమునకును పరీక్షకును వైరము లేదనియు, పరీక్షింపఁబడని విశ్వాసమునకే భయమున్నదనియుఁ జూపుట యీ పాఠముయొక్క యుద్దేశము.

1. ప్రదేశము

ఈ విషయమును వట్టి మాటలలోఁ ద్రిప్పక, ఒక ప్రదేశమును కన్నులయెదుట నుంచుకొని విచారింతము. దౌల్తాబాదు నేఁడు సిద్దిపేట జిల్లాలోని మండలకేంద్రము. 2016వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీని క్రొత్త జిల్లా యేర్పడు వఱకు నది మెదకు జిల్లాలోనిదై యుండెను. చెఱువుల క్రింది వ్యవసాయము, దుబ్బాక వైపు చేనేత, ఇండ్లలో స్త్రీలు చుట్టు బీడీలు, ఇవి యా ప్రాంతపు జీవనాధారములు. దానికిఁ బొరుగున చేగుంట, వడియారము. వాని కావల మెదకు. తెలుఁగుదేశమునఁ గ్రైస్తవమతము పల్లెపల్లెకుఁ బ్రాఁకిన ప్రదేశములలో నిది యొకటి.

వెస్లియన్ మెథడిస్టు సంఘమువారి బోధకుఁడు చార్లెస్ వాకర్ పాస్నెట్టు పందొమ్మిదవ శతాబ్దపుఁ జివరి యేండ్లలో నీ ప్రాంతమునకు వచ్చెను. ఆయన పూనికచే 1914లో నారంభింపఁబడిన మెదకు మహాదేవాలయము 1924వ సంవత్సరము డిసెంబరు 25వ తేదీని బ్రతిష్ఠింపఁబడెను. కట్టడము పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గోపురపు టెత్తు 175 అడుగులు. కఱవుకాలమున ఆఁకలిగొన్న జనులకుఁ గూలి దొరకవలెనని యీ పని సాగించిరని యచ్చటివారు నేఁటికినిఁ జెప్పుకొందురు. 1947వ సంవత్సరము సెప్టెంబరు 27వ తేదీని దక్షిణ ఇండియా సంఘ మేర్పడినప్పుడు మెదకు ప్రాంతపు మెథడిస్టులును దానఁ జేరిరి.

ఆ గోపురమును జూచి యెవ్వరైనను సంతోషింపవచ్చును. కాని పరిసరగ్రామములలో నొక చిన్న యింటఁ గూర్చున్న విశ్వాసి హృదయమున నేమి యున్నదో గోపురపు టెత్తు చెప్పఁజాలదు. దానిని దెలిసికొనుటకు మఱియొక కొలత కావలెను.

2. పేరు మాఱెను, భయము మాఱెనా?

అట్టి కొలతతో నీ ప్రాంతమును విచారించినవారు కలరు. పి. వై. లూకు, జాన్ కార్మన్ అను నిరువురు వడియారము చుట్టుపట్ల పల్లెలలోని క్రైస్తవుల యారాధనను, నమ్మకములను, పండుగలను బరిశీలించి వ్రాసిన యాంగ్లగ్రంథము 1968లోఁ బ్రకటింపఁబడెను. క్రొత్త విశ్వాసమును, పూర్వపు గ్రామదేవతల కొలువును ఒకే జనుల జీవితమునఁ బ్రక్కప్రక్కన నుండుట యా గ్రంథమునఁ గనఁబడును.

ఇది వెక్కిరింపవలసిన సంగతి కాదు. పోచమ్మకును, మైసమ్మకును మ్రొక్కిన తల్లి మూఢురాలని నవ్వుట సులభము. ఆమె యేల మ్రొక్కెనో విచారించుట కష్టము. మశూచికము ఇంట నడుగు పెట్టినచో బిడ్డ బ్రదుకునను నమ్మకము లేని దినములవి. వైద్యుఁడు దూరము, దారి దుర్గమము, చేతఁ గాసు లేదు. అట్టి తల్లికి మ్రొక్కుబడి తప్ప వేఱు తెరువేది? 1975లో మన దేశమునఁ గడపటి మశూచికము కనఁబడి, 1980లోఁ బ్రపంచమంతయు దానినుండి విముక్తి నొందెనని ప్రకటింపఁబడుటకుఁ గారణము టీకా. దానిని జేతఁబట్టుకొని యింటింటికిఁ దిరిగిన వేలకొలఁది యారోగ్యసేవకులు.

కావున మేము అడుగు ప్రశ్న వేఱు. దేవతపేరు మాఱినంత మాత్రమున మనస్సు మాఱినదా? నిన్న గ్రామదేవత కోపించునని కోడిని గోసినవాఁడు, నేఁడు కానుక తక్కువైనచో యేసు శపించునని వడఁకుచున్నచో, వానికి సువార్త చేరినదా? లేక పాత భయమునకుఁ గ్రొత్త పేరు పెట్టఁబడినదా? భయ మున్న చోటనే కపటబోధకుఁడు దుకాణము తెఱచును. వాఁడు భయమును బోఁగొట్టఁడు. పోఁగొట్టినచో వాని సరకు చెల్లదు. భయమును వాఁడు పెంచి పోషించును. నిజబోధకుఁడు భయమును దీసివైచి, మనుష్యుని నిలువఁబెట్టి, తానే వానికి దినదినము తక్కువ యవసరమగును. ఈ భేదమును మనస్సున నుంచుకొన్నచో తక్కిన పాఠమంతయు సులభమగును.

3. ఒక దృష్టాంతము

ఒక దృష్టాంతమును గల్పించి చెప్పుదుము. ఇది యే యొక్కరి చరిత్రయుఁ గాదు. ఒక పల్లెలో బీడీలు చుట్టి జీవించు తల్లి యొకతె కలదనుకొందము. ఆమెకు ఎనిమిదేండ్ల కుమారుఁడు, వానికి మూర్ఛవ్యాధి. ప్రభుత్వ వైద్యశాలలో నిచ్చిన మాత్రలను రెండేండ్లుగాఁ దప్పక వేయుచున్నందున మూర్ఛలు రాకయున్నవి. ఇట్లుండఁగా నొక సంచారబోధకుఁడు వచ్చి పందిరి వేయించి, శబ్దయంత్రములు పెట్టించి, సకల వ్యాధులను బోఁగొట్టెదనని చాటించెను. ఆ తల్లి బిడ్డను వెంటఁబెట్టుకొని పోయెను. ఆయన బిడ్డ తలపైఁ జేయి వేసి, వ్యాధి పోయినదనియు, ఇఁక మాత్ర మ్రింగుట దేవుని యవమానించుటయే యనియుఁ జెప్పెను. ఆమె కానుక చెల్లించి, మాత్రలు మానిపించెను.

మూర్ఛమాత్రలను హఠాత్తుగా మానుటచే నెడతెగని మూర్ఛలు వచ్చి ప్రాణమునకే యపాయము కలుగవచ్చునని వైద్యు లెఱుఁగుదురు. ఆ బిడ్డ కట్లే యాయెను. తల్లి యేడ్చుచుఁ బోయి యడుగఁగా బోధకుఁడు, “అమ్మా, నీ విశ్వాసము చాలలేదు” అనెను. చూడుఁడు! స్వస్థత కనఁబడినచో మహిమ యాయనది. కనఁబడనిచో దోషము తల్లిది. గెలుపు తనకును, ఓటమి యితరులకును వ్రాసికొను లెక్కలపుస్తకమును ఏ వర్తకుఁడైనఁ జూపినచో మనము నమ్ముదుమా? అట్టి లెక్కను దేవుని పేరఁ జూపినప్పుడు మాత్రము చేతులు జోడించుచున్నాము.

4. పరీక్షింపుమని గ్రంథమే చెప్పుచున్నది

పరీక్ష యవిశ్వాసమని చెప్పువారు తమ చేతనున్న గ్రంథమును సరిగాఁ జదువలేదు. బెరయ పట్టణమువారి కథను అపొస్తలుల కార్యములలోఁ జూడుఁడు. అచ్చటికి వచ్చి బోధించినవాఁడు సామాన్యుఁడు కాఁడు, పౌలు. అయినను వారు ఆయన మాటలు నిజమో కావో యని ప్రతిదినమును లేఖనములను వెదకి చూచిరి. గ్రంథకర్త వారిని నిందింపలేదు సరికదా, ఘనులని మెచ్చుకొనెను. అపొస్తలునే పరీక్షించుట ఘనత యైనచో, నిన్న వచ్చిన బోధకుని బరీక్షించుట దోష మెట్లగును?

యోహాను తన మొదటి పత్రికలో ప్రతి యాత్మను నమ్మవలదనియు, అవి దేవుని సంబంధమైనవో కావో పరీక్షింపవలెననియు హెచ్చరించెను. పౌలు థెస్సలొనీకయులకు వ్రాయుచు, సమస్తమును బరీక్షించి మేలైనదానిని జేపట్టుఁడని బోధించెను. గలతీయుల పత్రికలోఁ దన్నుఁగూడ మినహాయింపక, తానైనను, పరలోకదూతయైనను వేఱు సువార్తను దెచ్చినచో నంగీకరింపవలదనెను. ద్వితీయోపదేశకాండము పదుమూఁడవ యధ్యాయము మఱింత దూరము పోయినది: ఒకఁడు చెప్పిన సూచన జరిగినను, వాఁడు దేవునినుండి మరల్చువాఁడైనచో వినరాదు. అనఁగా అద్భుతము నిజమైనంత మాత్రమున బోధ నిజము కానేరదు.

యేసు కొండమీఁద బోధించినప్పుడు గొఱ్ఱెతోలు కప్పుకొన్న తోఁడేళ్లనుగూర్చి హెచ్చరించి, చెట్టును ఫలములచేఁ దెలిసికొనవలెననెను. ఆ ప్రసంగముననే, తన నామమున నద్భుతములు చేసితిమని చెప్పుకొను ననేకులను తా నెన్నఁడు నెఱుఁగనని త్రోసివేయుదు ననెను. ఈ మాటను మన సభామందిరములలో నెన్ని మాఱులు వినుచున్నాము? అద్భుతములనుగూర్చిన ప్రకటనలు గోడలనిండ నున్నవి; అద్భుతములు చాలవన్న ప్రభువు మాట మాత్రము మూలఁబడియున్నది.

5. అయిదు గీటురాళ్లు

మొదటిది, మూలవాక్య పరీక్ష. బోధకుఁ డుదాహరించు వాక్యమునకు ముందు వెనుకల నేమున్నదో చూడవలెను. ఒక పద్యపాదమును విఱిచి యర్థము మార్చుట పండితసభలలో నెంత నింద్యమో, ఒక వచనమును విఱిచి కానుకలు పోగుచేయుట ధర్మసభలలో నంత నింద్యము. గ్రంథము మాకు దొరకదనుటకు నేఁడు వీలు లేదు. 1805లో విశాఖపట్టణమునకు వచ్చిన లండన్ మిషనువారి కాలమునుండి తెలుఁగు అనువాదము సాగినది. తెలుఁగు క్రొత్త నిబంధన 1818లో ముద్రితమాయెను. రెండు వందల యేండ్లకుఁ బైఁగా మన భాషలోనే యున్న గ్రంథమును జదువక, చదివితినని చెప్పువాని నోటి వైపు చూచుచుండుట మన సోమరితనమే.

రెండవది, ఫల పరీక్ష. బోధకుని వాక్చాతుర్యమును విడిచి వాని యింటిని జూడవలెను. భార్యయెడ, పనివారియెడ, తనకంటెఁ దక్కువవారని లోకము చెప్పువారియెడ వాఁ డెట్లు నడుచుకొనుచున్నాఁడు? వాని బోధ విన్న సంఘమునఁ దగవులు తగ్గినవా, పెరిగినవా? త్రాగుఁడు మానినవా రెందఱు? కులభేదమును సంఘములోఁగూడ నిలుపుకొన్నవా రెందఱు? సహోదరుని ద్వేషించుచు దేవుని బ్రేమించుచున్నాననువాఁ డబద్ధికుఁడన్న యభిప్రాయము యోహాను పత్రికలోనే యున్నది.

మూఁడవది, ద్రవ్య పరీక్ష. ఆది క్రైస్తవు లీ విషయమున మనకంటె మెలఁకువ గలవారు. ‘దిదాఖే’ యను ప్రాచీన గ్రీకుగ్రంథ మొకటి కలదు. దాని వ్రాఁతప్రతి 1873లో కాన్‌స్టాంటినోపిలునందుఁ గనుఁగొనఁబడి 1883లో ముద్రింపఁబడెను. సంచారబోధకులయెడ సంఘము లెట్లు మెలఁగవలెనో దాన విధింపఁబడినది. వచ్చినవానిని ఆదరింపవలెను, ఒకటి రెండు దినములకంటె నెక్కువ యుండి మూఁడు దినములు తిష్ఠవేసినచో వాఁడు కపటి. పోవునప్పుడు రొట్టె యీయవచ్చును. ధన మడిగినచో వాఁడు కపటి. ఆత్మావేశమున భోజనము సిద్ధపఱపించి తానే తినువాఁడును కపటియే. కాని లేమి గలవారికొఱ కడిగినచో వానిని దప్పుపట్టరాదు. ఎంత సూక్ష్మమైన న్యాయము! ధనమడుగుట యంతయుఁ దప్పుకాదు. ఎవరికొఱ కడుగుచున్నాఁడనునదే ప్రశ్న. సంఘద్రవ్యమునకు లెక్క వ్రాసి యందఱియెదుటఁ జదువుట నిజబోధకునకు బరువు కాదు. లెక్క యడిగినవానిని శపించువాఁడు తన గుట్టు తానే బయటఁ బెట్టుకొనుచున్నాఁడు. దేవుని వరమును ధనమిచ్చి కొనఁజూచిన గారడీకాఁడు సీమోనును పేతురు గద్దించెను. అమ్మఁజూచువానిని మనము గద్దింపకుండుట యేల?

నాలుగవది, కాల పరీక్ష. భవిష్యత్తును జెప్పువానికి కాలమే న్యాయాధిపతి. చెప్పినది జరుగనిచో నది దేవునిమాట కాదని ద్వితీయోపదేశకాండము పదునెనిమిదవ యధ్యాయము తీర్పు చెప్పినది. అమెరికాలో విలియం మిల్లరు అనుచరులు క్రీస్తు 1844వ సంవత్సరము అక్టోబరు 22వ తేదీని వచ్చునని నమ్మి యెదురుచూచిరి. ఆ దినము వచ్చెను, గడచెను. కొందఱు రైతులు పంటను గోయకయే పొలమున విడిచిరి. మిల్లరు వంచకుఁడని మేము చెప్పము. ఆయన చిత్తశుద్ధి గలవాఁడే. కాని చిత్తశుద్ధి సత్యమునకు బదులు నిలువదు. చిత్తశుద్ధి గలవాఁడును దారి తప్పవచ్చును, నమ్మినవారిని గూడఁ దప్పింపవచ్చును.

అయిదవది, స్వాతంత్ర్య పరీక్ష. తక్కిన నాలుగును మఱచినను దీనిని మఱువరాదు. ఆ బోధకుని ప్రశ్నింపవచ్చునా? వైద్యుని యొద్దకుఁ బోవచ్చునా? బంధువులతో మాటలాడవచ్చునా? విడిచి పోవఁదలఁచినచో ద్వారము తెఱచియున్నదా? జిమ్ జోన్సు అనువాఁడు తొలుత జాతిభేదము కూడదనియు, బీదల కన్నము పెట్టవలెననియు బోధించి జనులను జేర్చుకొనెను. పిమ్మట వారిని దక్షిణ అమెరికాలోని గయానా యడవులకుఁ గొనిపోయి లోకమునుండి వేఱుచేసెను. 1978వ సంవత్సరము నవంబరు 18వ తేదీని అతని యాజ్ఞచే విషము త్రాగియు, త్రాగింపఁబడియు, మఱి యితరవిధములను 900 మందికిఁ బైఁగా మరణించిరి. వారిలోఁ బెక్కుమంది పిల్లలు. ఆ మార్గపు మొదటి మెట్టు విషపాత్ర కాదు. ప్రశ్న యడుగరాదని యొప్పుకొన్న దినమే మొదటి మెట్టు.

6. ప్రార్థన, మందు

స్వస్థతను గూర్చి ప్రత్యేకముగాఁ జెప్పవలెను. ఏలయన మన పల్లెలలో మోసము సులభముగా జొచ్చు ద్వార మదియే. రోగికొఱకుఁ బ్రార్థించుట తప్పని మేము చెప్పము. ప్రార్థన రోగికి ధైర్యమును, చుట్టునున్నవారికి దయను ఇచ్చును. ప్రార్థనను మందునకు శత్రువుగా నిలువఁబెట్టుటయే తప్పు.

దీనికి నిదర్శనము మెదకునకు ఉత్తరమున నిజామాబాదు జిల్లాలోని డిచ్‌పల్లియందుఁ గలదు. ఇసబెల్ కెర్ అను వైద్యురాలును, ఆమె భర్త జార్జి కెర్ అను బోధకుఁడును 1915లో నచ్చటఁ గుష్ఠరోగులకై వైద్యాలయమును స్థాపించిరి. రాజా నర్సాగౌడుగారు దానికి లక్షరూపాయల విరాళ మిచ్చిరి. ఇచ్చినవారు హిందువులు, నడిపినవారు క్రైస్తవులు. చేరిన రోగి కులమేదని వ్యాధి యడుగలేదు, వైద్యురాలును అడుగలేదు. ఆ దంపతులకుఁ బ్రార్థనయందు విశ్వాసము లేదని యెవ్వ రనఁగలరు? అయినను చేయివేసి యొక్క క్షణమునఁ బోఁగొట్టెదమని వారు పందిరి వేయింపలేదు. చాల్మూగ్ర నూనెను సూదిమందుగా నెక్కించుచు, పుండ్లు కడుగుచు, నెలలకొలఁది, సంవత్సరములకొలఁది కనిపెట్టుకొనియుండిరి. తరువాతి కాలమున డాప్సోను మాత్రలు వచ్చినవి. 1980 ప్రాంతమున బహుళౌషధ చికిత్స వచ్చి కుష్ఠము నిశ్చయముగాఁ గుదురు వ్యాధి యాయెను. ఈ ఫలితము ఓపికతోడను, లెక్కతోడను, తప్పు కనఁబడినచో దిద్దుకొనుటతోడను లభించినది.

చదువరులారా, ఈ రెంటిని ప్రక్కప్రక్కనఁ బెట్టి చూడుఁడు. ఒకచోట ధ్వజములు, వాద్యములు, ఒక రాత్రి, కానుకలపెట్టె; మఱునాఁడు బోధకుఁ డూర లేఁడు. వేఱొకచోటఁ బుండు కడుగు చేయి. మఱునాఁడును అదే చేయి. యేసు కుష్ఠరోగిని ముట్టెనని సువార్తలు చెప్పుచున్నవి. ఆయన ననుసరించినవా రీ యిద్దఱిలో నెవరో తెలిసికొనుటకుఁ బాండిత్య మక్కఱలేదు.

7. పరీక్షించువానికిఁ గల యపాయము

ఇంతవఱకు బోధకుని బరీక్షించితిమి. ఇప్పుడు పరీక్షించువానిని బరీక్షింతము. మన యభిప్రాయముతో నేకీభవింపని ప్రతివానిని కపటబోధకుఁడని నిందించుట యింకొక మోసము. అభిప్రాయభేదము వేఱు, వంచన వేఱు.

రాజా రామమోహనరాయలవారు 1820లో యేసుబోధలను సువార్తలనుండి యేఱి యొక గ్రంథముగాఁ బ్రకటించిరి. అద్భుతములను, సిద్ధాంతవివాదములను విడిచి నీతిబోధను మాత్రము గ్రహించుట సువార్తను గుంటుపఱచుటయే యని శ్రీరాంపురపు మిషనరీ జోషువా మార్ష్‌మన్ ఆక్షేపించెను. రామమోహనులు 1820, 1821, 1823 సంవత్సరములలో మూఁడు సమాధానగ్రంథములు వ్రాసిరి. ఒకరిదృష్టిలో నొకరు తప్పుదారిఁ బట్టినవారే. కాని వా రెట్లు వాదించిరో చూడుఁడు! హీబ్రూ, గ్రీకు మూలములను ఎదుటఁ బెట్టుకొని, అచ్చుకాగితముమీఁద, లోకము చూచుచుండఁగా వాదించిరి. ఎవ్వరును ఎవ్వరిని భయపెట్టి నోరు మూయింపలేదు. రోగి మందు మానిపింపలేదు. విధవ సొమ్ము తీసికొనలేదు. సత్యమున కీ వివాదమువలన నష్టము లేదు. చదువరికి రెండు గ్రంథములును దొరకినవి. నిర్ణయము వానికే విడువఁబడినది. ఇట్టి ప్రతిపక్షిని కపటియని పిలుచుట యన్యాయము.

దక్షిణ ఇండియా సంఘపు టైక్యమునకై 1919లోఁ దరంగంబాడియందు సంభాషణ లారంభమై 1947వఱకు, అనఁగా 28 సంవత్సరములు సాగినవి. బిషప్పుల యధికారమునుగూర్చియు, సంస్కారములనుగూర్చియు నెన్నో భేదములు గలవారు ఒక బల్లచుట్టుఁ గూర్చుండి యోపికతో మాటలాడిరి. కపటబోధకుఁ డట్టి బల్లయొద్దకు రాఁడు. వాఁడు తన పీఠముమీఁదనే కూర్చుండును. తక్కినవారందఱు క్రింద నేలమీఁదఁ గూర్చుండవలెను.

8. విద్యావంతుల విధి

చదువుకొన్న మనము ఈ మోసము పల్లెజనులదే యని యెంచుకొందుము. అది పొరపాటు. పరీక్షలలోఁ గుమారుఁ డుత్తీర్ణుఁడు కావలెనని, వ్యాజ్యము గెలువవలెనని, కుమార్తెకు సంబంధము కుదురవలెనని మన యిండ్లలోనే యెన్ని మ్రొక్కులు, ఎన్ని తైలములు, ఎన్ని ప్రార్థితవస్త్రములు కొనఁబడుచున్నవి! ఇప్పుడు బోధకుఁడు పందిరి వేయనక్కఱలేదు. టెలివిజనుద్వారమున, చేతనున్న సెల్‌ఫోనుద్వారమున నేరుగా మన పడకటింటికే వచ్చుచున్నాఁడు. అతని యిల్లు, అతని లెక్క, అతని నడవడి మనకుఁ గనఁబడవు. ముఖమును స్వరమును మాత్రమే కనఁబడును, వినఁబడును. కాఁబట్టి పూర్వముకంటె నిప్పుడే గీటురాయి యెక్కువ యవసరము.

శాసనబలము కొంత కలదు. మందులు, మాంత్రిక చికిత్సలనుగూర్చిన ప్రకటనల చట్టము 1954లోనే యేర్పడినది. మంత్రములు, తాయెతులు మొదలగువానిచే మూర్ఛ, మధుమేహము, కుష్ఠము, పక్షవాతము, పుట్టుకురుపు మున్నగు వ్యాధులు పోవునని ప్రకటించుట దానిచే నిషిద్ధము. అయినను శాసనము దొంగను శిక్షింపఁగలదు గాని, యజమానుని మేల్కొల్పఁజాలదు. మేల్కొల్పుట మన పని. ఎగతాళిచే నెవ్వరును మేల్కొనరు. ఆ బీడీలు చుట్టు తల్లియొద్దకుఁ బోయి, “నీవు మోసపోతివి” అని వేలు చూపుటకంటె, ఆమెతోఁగూడ వైద్యశాలకు నడుచుట మేలు. ఆమెకుఁ జదువు రానిచో ఆమె ప్రక్కనఁ గూర్చుండి, ఆమె నమ్మిన గ్రంథములోని బెరయవారి కథనే చదివి వినిపించుట మేలు. ఆమె విశ్వాసమును దీసికొనవలదు, దానికిఁ గన్నులిండు. ప్రార్థింపుమమ్మా, మాత్రయు వేయుమమ్మా యని చెప్పఁగలవాఁడే యామెకు బంధువు.

విశ్వాసము దీపము, పరీక్ష దానికిఁ జుట్టునుండు గాజుబుడ్డి. బుడ్డి యడ్డముగా నున్నది గావున వెలుతురు తగ్గునని దానిని దీసివేసినవాఁడు, గాలి వచ్చినప్పుడు చీఁకటిలోఁ గూర్చుండును.

కూటములలో విచారింపవలసిన ప్రశ్నలు

1. మన సంఘమున బోధకుని మాటను బహిరంగముగాఁ బ్రశ్నింపవచ్చునా? గత సంవత్సరమున నట్లు ప్రశ్నించినవా రెవరైనఁ గలరా? వారికిఁ గలిగిన మర్యాద యెట్టిది?

2. మనము వసూలు చేసిన ద్రవ్యమునకు లెక్క అందఱియెదుటఁ జదువఁబడుచున్నదా?

3. మన బోధ విన్నవారికి భయము తగ్గుచున్నదా, పెరుగుచున్నదా? పిల్లల నడిగి తెలిసికొనుఁడు, వారు దాఁచరు.

4. మన యింటఁ గాని, మన పనివారి యింటఁ గాని, బోధకుని మాటచే మందు మానినవారు కలరా? ఉన్నచో ఈ వారములోనే వారిని వైద్యునియొద్దకుఁ దోడుకొనిపోవువా రెవరు?

కడపటి ప్రశ్నకు సమాధానము మాటలతోఁ జెప్పవలదని మా మనవి.